ముందే చెప్పాల్సిన ముక్క

కార్డు మిషన్‌ని కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతోనే తుడుస్తోంది బిల్లక్క. ఆ కళ్లద్దాల దుకాణంలో పంతొమ్మిదేళ్లుగా బిల్లులు రాస్తోంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు. సన్నటి చేతులు, ముందుకు వంగిన భుజాలు, బొటనవేలి మీద ఎంత తోమినా పోని సిరా మరక. మిషన్ కాస్త ఆలస్యం చేస్తే డబ్బు రెండుసార్లు కోసేసిందేమోనని గుండె జారిపోతుంది. కూతురు ఫోనెత్తకపోతే ఆలోచన ఆస్పత్రి దాకా వెళ్లిపోతుంది. ఆ పిల్ల చదువు ఇంకా రెండేళ్లుంది. అది ఈ కుర్చీ మీదే నడుస్తోంది.

నెల మొదట్లో యజమాని కొత్త పద్ధతి పెట్టాడు. కార్డు ఇస్తే నూటికి రెండు ఎక్కువ.

"బ్యాంకువాడు నా దగ్గర కోస్తున్నాడక్కా. అదంతా నేనే భరిస్తే ఇక నేనేం తినాలి?" అన్నాడు.

అదీ నిజమే. పోనీ ధరల్లోనే కలిపేస్తే సరిపోతుంది కదా అని, అద్దాలు కొనడానికొచ్చి నోట్ల మడతలు విప్పుతున్న ఇస్త్రీ చేసే ఆవిడతో అంటే ఆమె గయ్యిమంది. "ఎవరో కార్డు గీకితే ఆ ఖర్చు నా నెత్తినెందుకమ్మా?" అదీ నిజమే. బిల్లక్కకు ఎవరు చెప్పినా నిజమేననిపిస్తుంది. అందుకే ఎటూ తేలదు.

పదకొండింటికి ఒక లారీ డ్రైవరు తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. చత్వారపు అద్దాలు కావాలి. ముసలామె ఏడు జతలు పెట్టి తీసి, ఎనిమిదోవి పెట్టుకుని తన అరచేతిని చూసుకుని పకపకా నవ్వింది.

"ఒరేయ్, నా చేతిలో ఇన్ని గీతలున్నాయట్రా! దొంగముండలు, ఇన్నాళ్లూ కనబడనేలేదు!"

కొడుకు కార్డు తీశాడు. బిల్లక్క బిల్లు పుస్తకం తెరుస్తూ చెప్పింది. "కార్డుకైతే ఇంకో ముప్ఫై పడుతుంది నాయనా."

"ఎందుకండీ? గీకితే మీ మిషన్ అరిగిపోతుందా?"

"బ్యాంకు వాళ్లు..."

"ఆ ముక్కేదో మా అమ్మ అవి పెట్టుకోకముందే చెప్పొచ్చుగా!"

ముసలామె అప్పటికే అద్దాలు తీసి బల్ల మీద పెట్టేసింది. "వద్దులేరా. నా మూలంగా నీకు దండగెందుకు? నాకు బాగానే కనిపిస్తుంది," అంటూ తలుపు అనుకుని పక్కనున్న గాజు పలకను తోయబోయింది. కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

బిల్లక్క యజమాని దగ్గరకెళ్లింది.

"తీసుకునేది తీసుకుందాం బాబూ. లోపలికి రాగానే చెప్పేద్దాం."

"ముందే చెబితే గడప తొక్కుతారా అక్కా? నచ్చాక చెబితే ఎలాగోలా కడతారు."

ఆమె తన కుర్చీ దగ్గరకు తిరిగొచ్చింది. కానీ మధ్యాహ్నం నుంచి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడి, కార్డు సంగతి ముందే చెప్పేసింది. ఒకాయన సరేనన్నాడు. ఒకావిడ నగదు తెస్తానని వెళ్లి, తెచ్చింది. ముగ్గురు వెనుదిరిగారు. మూడో మనిషి వెనుదిరిగినప్పుడు యజమాని మెట్ల మీదే ఉన్నాడు.

సాయంత్రం అద్దాల మీద గుడ్డలు కప్పుతుంటే ఆయన మెల్లగా అన్నాడు. "ఈ నెల జీతం పూర్తిగా ఇస్తానక్కా. రేపట్నుంచి మీరు ఇంటిపట్టునే ఉండండి."

పంతొమ్మిదేళ్లు ఈ మాట కోసమే భయపడింది. తీరా వచ్చాక చేతిలో ఉన్న గుడ్డను అంచులు కలిసేలా సరిచేసి కప్పింది.

"సరే బాబూ. రెండో సొరుగు కాస్త పైకెత్తి లాగితేగాని రాదు. కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పండి."

ఆయన లోపలికెళ్లి దీపాలార్పుతుండగా, బిల్లు పుస్తకం చివరి అట్ట చించి ఏదో రాసి, తలుపుకు బయటివైపు అంటించి, మెట్లు దిగి బస్సుల వైపు నడిచింది.

తలుపు మీద ఆ అట్ట కాస్త వంకరగా ఉంది. "కార్డుకు నూటికి రెండు ఎక్కువ" అని, అద్దాలు లేనివాళ్లకు కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు.