మొండిబంటుకి పరీక్ష

బావకి మరదలంటే అభిమానం లేదని ఎవరూ అనలేరు. కుర్చీ వేస్తాడు, టీ పెట్టి ఇస్తాడు, జోకులేస్తాడు. ఆమె మాటకి విలువ మాత్రం ఇవ్వడు.

ఇద్దరూ కలిసి రాసిన చదరంగం ప్రోగ్రాం పేరు మొండిబంటు. రేపు సాయంత్రంలోగా దాన్ని పోటీకి పంపాలి. అందులో ఒక్క అంకె మార్చినా, బాగుపడిందో చెడిపోయిందో ఊరికే చూస్తే తెలియదు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకదానిమీదికొకదాన్ని ఉసిగొల్పి, ఇరవై వేల ఆటలాడించి చూడాలి. మొదలుపెట్టిన పరీక్షని మధ్యలో ఆపకూడదన్నది ఆ గదిలో ఉన్న ఒకే ఒక నియమం. అది పెట్టింది బావే.

మరదలు చేసిన మార్పు చిన్నది. రాజు ముందున్న బంట్లు చెల్లాచెదురైనా మొండిబంటుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి కాస్త భయం నేర్పే అంకె కోసం ఆమె నెల్లాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుంది. ఆ పొద్దున పరీక్ష పెట్టి, మొహం కడుక్కుని వచ్చేసరికి బావ దాన్ని ఆపేస్తూ కనిపించాడు.

"ఎందుకాపావ్ బావా?"

"ఓడిపోతోంది మరదలా. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ?"

"ఎన్ని ఆటలయ్యాయి?"

"మూడొందలో ఎంతో."

ఆమె ఇంకో మాట అనేలోపే అతను తన మార్పు ఎక్కించేశాడు. గుర్రాల విలువ పెంచడం అతని ముచ్చట. ఆమె వెనకే నిలబడి చూసింది. మూడొందల దగ్గర అదీ ఓడిపోతోంది, ఆమెదానికన్నా ఘోరంగా. బావ కాలు మీద కాలేసుకుని, "ఇప్పుడేగా మొదలైంది, పుంజుకుంటుందిలే" అన్నాడు. పుంజుకుంది కూడా. రెండు వేల దగ్గర వెంట్రుకవాసి పైకి రాగానే టక్కున ఆపేసి, "చూశావా, నెగ్గింది" అని చేతులు దులుపుకున్నాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ అతను "నీది పనిచెయ్యలేదు మరదలా" అన్న ప్రతిసారీ నమ్మి, తనకే తెలివి చాలదనుకుని కుమిలిపోయింది. తన మార్పుల్లో ఎన్నిటిని ఇలాగే పురిట్లోనే సంధి కొట్టించాడో దేవుడికే తెలియాలి.

"నాది కింద పడగానే ఆపావు. నీది పైకి లేచేదాకా కూర్చున్నావు. దీన్ని పరీక్షంటారా?"

"అబ్బో, కోపమే" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఇంకా ఒళ్ళు మండింది.

"నీ మెతుకు సామెత ఒకే కుండలో అన్నానికి బావా. ఇక్కడ ఆట ఆటకీ కుండ వేరు. అది నాకు నేర్పిందే నువ్వు. నీ గుర్రాల దగ్గర గుర్తుంటుంది, నా అంకె దగ్గరికొచ్చేసరికి మర్చిపోతావు."

గొడవ విని అక్క వచ్చింది. "పోనీలేవే, బావేగా. ఆయనెప్పుడూ అంతే."

"నువ్వు పోనీలే అంటున్నావు కాబట్టే ఆయనెప్పుడూ అంతే."

అక్క మొహం చిన్నబోయింది. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

మరదలు బావ చేతికింది మౌస్ లాక్కుని, తన పరీక్ష మళ్ళీ మొదటినుంచి పెట్టి, కుర్చీకి అతుక్కుపోయింది. తిండికి కూడా లేవలేదు. కంప్యూటర్ల ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. తెరమీద స్కోరు కాసేపు వెనక, కాసేపు ముందు. సగం దాటాక ఒకసారి బాగా ముందుకొచ్చింది. అప్పుడు ఆమె వేలు తనంతట తానే ఆపే బటన్ మీదికి పోయింది. ఆ వేలిమీద ఆమెకి బావమీద వచ్చినంత కోపమూ వచ్చింది. చెయ్యి వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆటలన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. ఆమె మార్పు ఓడిపోయింది. అనుమానానికి తావు లేకుండా ఓడిపోయింది.

"పొద్దున్నే చెప్పానా లేదా?" అన్నాడు బావ.

ఆమె కుర్చీని అతనివైపు తిప్పింది. "ఇప్పుడు ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. పొద్దున నన్నసలు ఆడనివ్వలేదు. ఆ రెండూ నీకొకటేనేమో, నాకు కాదు. ఇప్పుడు నీ గుర్రాలు పెట్టు. చివరిదాకా."

"నెగ్గిందిగా, మళ్ళీ ఎందుకు?"

"పెట్టు బావా. నెగ్గితే రేపు నీదే పంపుదాం. లేదంటే పాతదే పోతుంది."

విసుక్కుంటూ పెట్టాడు. మొదట్లో వెనకబడింది. నవ్వుతూ ఓపిక పట్టాడు. కాసేపటికి స్కోరు పైకొచ్చింది. "ఇక చాల్లే" అని మౌస్ మీదికి చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యండి."

ఆ మాటన్నది మరదలు కాదు, అక్క. బావ ఆశ్చర్యంగా చూశాడు. "నీకు చదరంగంలో ఓనమాలు కూడా రావు కదే."

"రావు. మీరు సగంలో ఆపెయ్యడం ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. మన పెళ్ళైనప్పట్నుంచీ ఈ ఇంట్లో నేను ఒక్క మాట చివరిదాకా..."

"సరే సరే, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు బావ, అలవాటుగా.

అక్క ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి, అతనికీ మౌస్‌కీ మధ్యలో వేసుకుని కూర్చుంది.