పదకొండు గుండెల కార్డు

మా అల్లుడు నా బైండింగు షాపులోకి వస్తూనే, "మామయ్యా, మంచి అట్ట ఒకటివ్వండి. మీ అమ్మాయికి నా చేత్తో కార్డు చేసిస్తా," అన్నాడు. అడిగినట్టు లేదు, జప్తుకు వచ్చినట్టుంది.

అమ్మాయి నా ఇంటికి వచ్చేసి అప్పటికి పన్నెండు రోజులు. ఆఫీసులో దానికి పై పోస్టు ఇస్తామన్నారు. అందులో చేరితే ఇల్లు చేరడం రోజూ గంట ఆలస్యమవుతుంది. అది స్నానానికి వెళ్ళినప్పుడు ఇతను దాని ఫోను తీసి, "నాకీ పోస్టు వద్దు" అని అధికారికి మెసేజ్ పెట్టేశాడు. రాసింది తను కాదని అది ఎంత మొత్తుకున్నా అక్కడ ఎవరూ నమ్మడం లేదు. ఇతను షాపుకొచ్చిన ఆ రోజు సాయంత్రమే ఆ పోస్టుకు ఇంకొకరిని ఖాయం చేస్తారు.

"కార్డెందుకు బాబూ, చేసింది ఒప్పుకుంటే పోతుంది కదా," అన్నాను.

"మీరు జిగురివ్వండి చాలు. సలహాలకు మా ఇంట్లోనే కొదవలేదు."

ఇచ్చాను. అట్టకు ఒక వాలుంటుంది, లోపలి పీచు పరుచుకున్న దిక్కు. దానికి అడ్డంగా మడిస్తే మడత పగిలి తెల్లగా పొట్టు లేస్తుంది. చెప్పబోతే గుడ్లురిమాడు. అడ్డంగానే మడిచాడు. పగిలిన చోటల్లా బైండింగు గుడ్డలోంచి ఎర్ర గుండె కత్తిరించి అంటించాడు. మొత్తం పదకొండయ్యాయి. నవ్వొచ్చింది. కానీ నాలుగేళ్ళ కిందట పోయిన మా ఆవిడకు నేను ఒక్క చీటీ ముక్కయినా రాసివ్వలేదు. నవ్వు మింగేశాను.

అంతలో అమ్మాయి నా భోజనం క్యారియరుతో లోపలికొచ్చింది. మొగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఇక్కడ కూడా మొదలెట్టావా?"

అతను కార్డు చాచాడు. అది గట్టిగా చదివింది. "'నా ప్రాణమా, నువ్వు లేని ఇల్లు చీకటి గుహ.' ఏం, స్విచ్చి ఎక్కడుందో తెలీదా?"

"రెండు గంటలు కష్టపడి చేశానే!"

"నాకొచ్చిన పోస్టు ఊడగొట్టడానికి రెండు నిమిషాలైనా పట్టిందా నీకు? దీంట్లో ఆ మెసేజ్ ఊసేదీ?"

"అదంతా ఇప్పుడెందుకు? నలుగురిలో నా పరువు తీస్తావా?"

"ఇక్కడున్నది మా నాన్నొక్కడే. ఇంకో ముగ్గురు కావాలంటే పిలుస్తా."

అతని బొటనవేలికి కట్టర్ తగిలినట్టుంది, రక్తం బల్ల మీద చుక్కలుగా పడుతోంది. అమ్మాయి క్యారియరుకు చుట్టిన గుడ్డ విప్పి, అతని మొహమైనా చూడకుండా విసిరింది. గుడ్డ సరిగ్గా చేతిలో పడింది. ఆ పూట ఆ షాపులో కనిపించిన మెత్తదనం అదొక్కటే.

"కార్డు వెనక రాయి," అంది. "నాకు కాదు, మా ఆఫీసరుకి. ఫోను తీసింది నువ్వని, పోస్టు వద్దని పెట్టింది నువ్వని."

అతని మొహం మాడిపోయింది. నావైపు తిరిగాడు. "మామయ్యా, కనీసం ఒక తెల్లకాగితమైనా ఇవ్వండి. ఈ గుండెలతో పైవాళ్ళకెలా ఇస్తాం?"

నా వెనక గోడంతా తెల్లకాగితం రీములే.

"అయిపోయింది బాబూ," అన్నాను.

అతను రీముల వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. చివరికి కార్డు తిరగేసి రాశాడు. మూడు వాక్యాలు. రెండో దానిలో "పొరపాటున" అని రాస్తే అది వేలు పెట్టి చూపించింది. కొట్టేసి "కావాలనే" అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

సిరా ఆరకముందే అది లాక్కుంది.

"ఇంటికొస్తావా మరి?" అన్నాడు నేల చూస్తూ.

"ముందు ఆఫీసుకు నువ్వు రా. వాళ్ళడిగితే నీ నోటితో నువ్వే చెప్పాలి."

గుండెలు బయటికి కనిపించేలా కార్డు పట్టుకుని అది రోడ్డెక్కింది. వేలికి గుడ్డ చుట్టుకుంటూ, నాలుగడుగులు వెనకగా అతను నడిచాడు.