గోతాల షెడ్డు బెల్లం

పున్నమ్మ వదిన గోతాల కుప్ప మీద పడి గిలగిలా కొట్టుకుంటుంటే, మేస్త్రీ ముత్తయ్య ఆమె నోరు తెరిచి బెల్లం ముక్క కుక్కాడు. ఈ కళ్ళతోనే చూశాను పిల్లలూ. ఎన్నేళ్ళయినా ఆ నోరు నాకు కనిపిస్తూనే ఉంటుంది.

రైళ్ళ సమ్మె అయిన ఏడు, వానాకాలం. తెనాలి స్టేషనుకు అవతల, రైసుమిల్లుల వెనక బసవేశ్వరరావుది పాత గోతాల షెడ్డు ఉండేది. వాడేసిన గోతాలు ఊళ్ళ నుంచి బళ్ళ మీద వచ్చేవి. మేం ఆడవాళ్ళం వాటిని తిరగేసి, కర్రతో కొట్టి దులిపి, చిరుగులు కుట్టి ఇస్తే మళ్ళీ మిల్లులకు వెళ్ళి బియ్యం నింపుకునేవి. దుమ్ము రోడ్డు మీదికి వస్తుందని తలుపులు మూయించేవాడు. మేం ముక్కుకు కొంగు కట్టుకునేవాళ్ళం. పొద్దున పనిలోకి దిగేటప్పుడు తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. బెల్లం తింటే గొంతులో దుమ్ము దిగిపోతుందని ఆ పనిలో ఆనవాయితీ.

ఆ ఏడు తెల్లపొడి అంటిన గోతాలు రావడం మొదలైంది. చేలల్లో పురుగుమందు చల్లాక మిగిలిన ఖాళీ గోతాలవి. వాటిని దులుపుతుంటే కళ్ళు మండేవి, చేతులు వణికేవి. ఆ రోజు ఆ కుప్ప పున్నమ్మ వంతుకొచ్చింది.

"వడదెబ్బ తగిలింది. మీరు పని చూడండి!" అన్నాడు ముత్తయ్య.

"వానాకాలంలో వడదెబ్బేంటి మేస్త్రీ? తగిలింది నీ బుర్రకేమో చూసుకో!" అంది పుష్పలత. మా అందరిలోకీ చిన్నపిల్ల, నోరు మాత్రం పెద్దది.

రిక్షాలో వేసి వదినను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాసేపటికి ఆమె కోడలు మనవరాలిని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్లకూ అవే వాంతులు, అదే కొట్టుకోవడం.

"ఈ పిల్ల కూడా షెడ్డుకొస్తుందా?" అని అడిగాడు డాక్టరు.

"లేదండి. అత్త నిన్న తెచ్చిన బెల్లం ముక్క తిందండి, అంతే."

మా చేతులన్నీ కొంగుముడుల మీదికి వెళ్ళాయి. ఆ బెల్లం మాలో ఎవరమూ తినేవాళ్ళం కాదు, ఇంట్లో పిల్లలకని కొంగున కట్టుకునేవాళ్ళం. పొద్దంతా ముక్కుకు కట్టుకున్న కొంగే అది. ముడి విప్పి చూస్తే బెల్లం మీద తెల్లటి పొడి.

పిల్ల బతికింది. పున్నమ్మ వదిన బతకలేదు.

పాతిపెట్టి వచ్చాక అందరం మా వాకిట్లో కూర్చున్నాం. ఆ గోతాలు ముట్టేది లేదంది పుష్పలత.

"మనం మానేస్తే రేపల్లె రైలుబండిలో ఇంకో గుంపును దింపుతాడు. అప్పుడు ఏం తింటామే?" అని గొడవపడింది మాతో గోతాలు కుట్టే మాణిక్యాంబ.

"ఏం తింటాం పిన్నీ? బెల్లమా?"

"అయితే ఆ బండి దగ్గరికే పోదాం పదండి," అన్నాను నేను.

మాణిక్యాంబ అన్నంతా అయింది. మర్నాడు పొద్దున రేపల్లె బండిలోంచి అన్నం గిన్నెలతో ఆడవాళ్ళు దిగారు. ముత్తయ్య ఎదురెళ్ళాడు. మేం అడ్డం నిలబడ్డాం.

"మా కూటికి అడ్డమేంటమ్మా మీరు?" అంటూ ఒక లావుపాటి మనిషి నా మీదికొచ్చింది. కొంగుముడి విప్పి ఆమె ముందు పట్టి, పున్నమ్మ సంగతి, పిల్ల సంగతి చెప్పాను. ఆమె వాసన చూసింది. ముత్తయ్య వైపు తిరిగింది.

"నువ్వు తిను మేస్త్రీ."

వాడు వెనక్కి జరిగాడు.

"తినలేవా? నువ్వు తినలేంది మా పిల్లలు తినాలంట్రా!"

రెండు గుంపులూ ఒకటయ్యాయి. స్టేషను నుంచి తిన్నగా బసవేశ్వరరావు ఇంటికి నడిచాం. దారిలో షెడ్డు నుంచి మోసుకొచ్చిన తెల్లపొడి గోతాం ఒకటి వరండాలో దించాం.

"ఒక్కటి మీ చేత్తో దులపండి బాబూ, చాలు," అన్నాను.

కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచాడాయన. "తీయండది! పిల్లలున్న ఇల్లు!"

"మాకూ ఉన్నారండి పిల్లలు!" అంది పుష్పలత. వెనక నుంచి అందరూ అదే మాట అన్నారు. ఆ కేకకు వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒక్కొక్కరం కొంగుముడి విప్పి బెల్లం ఆయన గుమ్మంలో పోశాం.

పోలీసులు నన్నూ పుష్పలతనూ జీపెక్కించారు. మర్నాడు వదిలిపెడితే నేరుగా ఆయన గుమ్మానికే వెళ్ళాం. బెల్లం కుప్ప అలాగే ఉంది. దాని చుట్టూ చీమలు చచ్చిపడి ఉన్నాయి. మిల్లుల్లో బస్తాలు మోసే మగవాళ్ళు ఒంగి చూస్తున్నారు. ఆ గోతాల్లో పోసిన బియ్యమే వాళ్ళూ వండుకు తినేది. షెడ్డు నుంచి వచ్చిన గోతాం ఒక్కటి కూడా భుజానికెత్తేది లేదని మిల్లుల దగ్గర చెప్పేసి వచ్చారట.

అక్కడి నుంచి షెడ్డుకు వెళ్తే, గేటుకు అడ్డంగా రేపల్లె ఆడవాళ్ళ మధ్య మాణిక్యాంబ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"రా రాఘవమ్మా," అంది. "పోలీసోళ్ళు అన్నం పెట్టారా, బెల్లం పెట్టారా?"

ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను. అప్పుడే రేపల్లె బండి కూత వినిపించింది. ఈసారి బండి దిగిన వాళ్ళు ముత్తయ్య కోసం చూడలేదు. ఆడవాళ్ళు అడ్డం కూర్చున్న గేటు ఎటని అడుగుతూ మా దగ్గరికే వచ్చారు.