మెట్ల మీద పంపిన ఫారం

మూడో అంతస్తుకు లిఫ్టు ఉంది కానీ పనిచేయదు. అంటే లేనట్టే. మెట్లెక్కుతూనే ఫోనులో ఫారం నింపేశాను. పంతొమ్మిది గళ్లు. స్నానం చేయించాను, టిక్కు. మాత్రలు వేసుకున్నారని చూశాను, టిక్కు. మడమలు, నడుము చూశాను, పుండ్లు లేవు, టిక్కు. పంతొమ్మిదోది: నిన్నటి నుంచి పేషెంటు కింద పడలేదు. టిక్కు. పంపేశాను. అప్పటికి నేనింకా రెండో అంతస్తులోనే ఉన్నాను. పేషెంటు మొహం కూడా చూడలేదు.

ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసుకునే ఆయాలం మా కంపెనీలో అరవై రెండు మందిమి. అందరం ఇదే చేస్తాం. తలుపు పక్కన అంటించిన స్టిక్కరును స్కాన్ చేస్తే గడియారం మొదలవుతుంది. నలభై నిమిషాలు. ఫారం మాత్రం అంతకు ముందే తెరుచుకుంటుంది. లోపలికెళ్లాక నింపితే ఏడు నిమిషాలు దానికే పోతాయి. ఏడు నిమిషాలంటే ఒక మనిషికి తల రుద్ది నీళ్లు పోయడం. మేం తలకు నీళ్లు పోయడమే ముఖ్యమనుకున్నాం, టిక్కుల్ని మెట్ల మీదికి నెట్టేశాం. కొత్తగా చేరిన పిల్లకు పాతవాళ్లు మొదటి రోజు నేర్పేది ఇదే. చేతులు కడుక్కోవడం రెండో రోజు నేర్పుతారు.

సరిగ్గా తొమ్మిదికి స్కాన్ చేసి లోపలికి వెళ్లాను. ఆ రోజు అది నాకు మూడో ఇల్లు.

ఆ ఇంట్లో ఇద్దరే ఉంటారు. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి, రిటైరైన రెండేళ్లకే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ చచ్చుబడిన కండక్టరమ్మ ఒకరు. మెట్ల కింద ఇస్త్రీ బల్ల పెట్టుకున్న ఆవిడ తమ్ముడు ఇంకొకరు. రోజూ నేను వచ్చేసరికి ఆయన కింద బట్టలు ఇస్త్రీ చేస్తూ కనిపిస్తాడు. ఆ రోజు పైనే ఉన్నాడు. అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు. మూడో ఇంటికొచ్చేసరికి కాళ్లతో పాటు బుర్ర కూడా మొద్దుబారిపోతుంది.

"లేటు" అంది కండక్టరమ్మ మంచం మీద నుంచే.

"తొమ్మిదికే వచ్చానమ్మా. మీ మెట్లే ఎక్కువ."

"సాకులు ప్యాసింజర్లు చెప్పాలే. స్టాఫు చెప్పకూడదు."

ఆవిణ్ని వాకర్ పట్టించి, నడుముకు చెయ్యి వేసి, బాత్రూములో కుర్చీలో కూర్చోబెట్టాను. స్నానానికి ఆవిడ పద్ధతి ఆవిడకుంది. పాత రూటును ఒంటి మీద పరుచుకుంది. పాదాల దగ్గర డిపో. మోకాళ్లకు మార్కెట్, నడుముకు పాత వంతెన, వీపుకు మిల్లు గేటు, భుజాలకు ఆస్పత్రి, మెడకు రైల్వే గేటు. తల ఆఖరి స్టాపు. నేను సబ్బు రుద్దేచోట స్టాపు పేరు అరిచి, "రైట్" అన్నాకే నీళ్లు పోయాలి. చెప్పకముందే పోస్తే "హోల్డాన్!" అని కేకేస్తుంది. ఏడాదిగా ఒక్క స్టాపు తప్పలేదు.

"డిపో" అంది. పోశాను. "మార్కెట్." పోశాను. నడుముకు సబ్బు రుద్దాను. "మార్కెట్" అంది మళ్లీ. వీపు దగ్గర ఏమీ అనలేదు. భుజాలకొచ్చేసరికి మెల్లగా "డిపో" అంది.

"ఏంటమ్మా, బస్సు రివర్సులో పోతోంది?"

"పోనీవే" అంది.

నా నవ్వు ఆగిపోయింది. చిల్లర లేదన్నవాణ్ని కూడా పోనిచ్చిన మనిషి కాదు ఆవిడ.

తల తడిపి వేళ్లు పోనిచ్చాను. కుడి చెవి వెనకాల నిమ్మకాయంత బొప్పి. వేడిగా ఉంది. చెయ్యి తగలగానే ఆవిడ పళ్లు బిగబట్టింది.

"ఇదేంటి?"

"తలుపు కొట్టుకుంది."

"చెవి వెనకాలా? వెనక్కి నడిచారా ఏంటి?"

తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు గోడ వైపు తిరిగాడు. అక్కాతమ్ముళ్లిద్దరికీ అబద్ధం చేతకాదు. నాలాగా టిక్కు పెట్టి చెప్పడం వాళ్లెక్కడ నేర్చుకుంటారు?

"అన్నా, ఎప్పుడు పడింది?"

"పడలేదు చెల్లెమ్మా. నిద్ర సరిపోలేదు, అంతే. అందుకే మగతగా..."

"మగతగా ఉందా? ఎప్పటి నుంచి?"

కండక్టరమ్మ బాగున్న కుడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి ఇంకా బస్సు రాడ్డు పట్టుకున్న బలం ఉంది.

"రాయకే. ఇది మూడోది."

మూడోది అంటే ఏంటో నాకు తెలుసు. ఏడాదిలో మూడుసార్లు పడినట్టు కాగితం మీదికెక్కితే, ఆరోగ్య శాఖ వాళ్లు ఇల్లు సురక్షితం కాదని రాసేసి, మా రాకపోకలు ఆపి, మనిషిని ఇరవై మంచాల వార్డుకు మారుస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లకు భద్రతకేం లోటుండదు. మంచానికి రెండు వైపులా కమ్మీలు పెడతారు, ఇక దిగే పనే ఉండదు. బాత్రూములో గోడకు పట్టుకునే కడ్డీ బిగించమని నేను మూడుసార్లు రాసి పంపాను. అది మాత్రం ఎవరూ బిగించలేదు.

"అక్క అక్కడికెళ్తే నాకు దక్కదమ్మా. రాయొద్దు, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు తమ్ముడు.

ట్రైనింగులో చెప్పినవాటిలో నేను మర్చిపోనిది ఒక్కటే. పక్షవాతం వచ్చినవాళ్లకు రక్తం పల్చబడే మాత్ర ఇస్తారు. ఆ మాత్ర వేసుకునేవాళ్లు తల కొట్టుకుంటే లోపల మెల్లగా రక్తం కారుతూనే ఉండొచ్చు. పైకి బాగానే ఉంటారు. మాట్లాడతారు, జోకులేస్తారు. తర్వాత మాటలు తప్పుతాయి. తర్వాత నిద్రపోతారు.

ఆవిడకు తువ్వాలు చుట్టి మంచం మీద కూర్చోబెట్టి, ఆఫీసుకు ఫోన్ చేశాను. ముందు సూపర్‌వైజరుకు చెప్పాలి, ఆమె ఒప్పుకుంటేనే అంబులెన్సు. అదీ రూలు.

"పడిందా? నీ ఫారంలో పడలేదని ఉందే" అంది సూపర్‌వైజరు.

"మెట్ల మీద నొక్కానండీ. లోపలికి రాకముందే."

కొంచెంసేపు కీబోర్డు చప్పుడు. "చూడు. ఇప్పుడు తొమ్మిదీ పన్నెండు. నీ టైము ఎప్పుడైపోతుంది?"

"తొమ్మిదీ నలభై."

"పని పూర్తి చేసి బయటికొచ్చెయ్. నువ్వెళ్లాక పడిందని వాళ్ల తమ్ముడు అంబులెన్సుకు ఫోన్ చేస్తాడు. నీ ఫారం నిలబడుతుంది, నీ ఉద్యోగమూ నిలబడుతుంది. అర్థమైందా?"

"ఇరవై ఎనిమిది నిమిషాలండీ."

"అంత కొంపలేం మునగవు. మాట్లాడుతోందిగా?"

మంచం వైపు చూశాను. కండక్టరమ్మ గడ్డం ఛాతీకి ఆనుకుంటోంది.

ఫోన్ పెట్టేశాను. ఇదంతా ఏదో ధైర్యమని అనుకోకండి. నిన్న కూడా నేను మెట్ల మీదే టిక్కు పెట్టాను. నిన్న కూడా ఆవిడ పడి ఉంటే నాకు తెలిసేది కాదు. ఏడాదిగా రెండుసార్లే పడిందని రాశాం. నిజంగా ఎన్నిసార్లు పడిందో దేవుడికే తెలియాలి. అది తట్టగానే అంబులెన్సుకు ఫోన్ చేశాను.

"నీ చేతులారా చేస్తున్నావే" అంది కండక్టరమ్మ కళ్లు తెరవకుండానే.

"తిట్టండమ్మా. ఆపకుండా తిడుతూ ఉండండి. నిద్రపోవద్దు."

"మొహం చూడు... దొంగ టికెట్ మొహం..."

"ఇంకా?"

అంబులెన్సు వచ్చేదాకా తిట్టించుకున్నాను. లిఫ్టు పనిచేయదు కదా, ఆవిణ్ని కుర్చీలో కట్టి ముగ్గురు మనుషులు మూడు అంతస్తులూ మోశారు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగింది ఒకటే ప్రశ్న. ఎప్పుడు పడింది? రక్తం ఎంతసేపటి నుంచి కారుతోందో తెలిస్తే గానీ ఆయన పని మొదలవదు. అప్పటికే కంపెనీ ఫారం ఆయన తెర మీదికొచ్చేసింది.

"తొమ్మిదింటి వరకూ పడలేదని ఉందే ఇందులో?"

"అది నమ్మకండి. నేనే రాశాను, చూడకుండా రాశాను" అన్నాను.

ఇస్త్రీ తమ్ముడు నా వైపు చూశాడు. నేను మునిగిపోయానని ఆయనకు అర్థమైంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఆరున్నరకండీ" అన్నాడు. "నేను బొగ్గులు రాజేస్తున్నాను. పైనుంచి అక్క కేక వినబడింది. నేనే లేపి పడుకోబెట్టాను. రక్తం పల్చబడే మాత్ర కూడా నేనే వేశాను."

ఆ పూటే తల తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు.

మర్నాడు ఆఫీసులో నా ముందు కాగితం పెట్టారు. ఫారం ముందుగా పంపడం నా ఒక్కదాని నిర్లక్ష్యమట, సంతకం పెట్టాలట. ఫారం వచ్చిన టైమూ గడియారం మొదలైన టైమూ వాళ్ల తెర మీద పక్కపక్కనే కనిపిస్తాయి. అరవై రెండు మందివీ, నాలుగేళ్లుగా. ఆ మాటే అన్నాను, సంతకం పెట్టలేదు. నన్ను పనిలో నుంచి ఆపేశారు. ఆ సాయంత్రమే కొత్త రూలు వచ్చింది: స్కాన్ చేయకముందు ఫారం తెరుచుకోదు. నిమిషాలు మాత్రం నలభయ్యే. తోటి ఆయాలు ఫోన్ చేసి తిట్టారు. "నీ పుణ్యమా అని ఇప్పుడు తలలెవరు రుద్దుతారే?" అంది ఒకామె. ఒక్కొక్కరినీ సంతకం పెట్టమని అడుగుతున్నాను, యాభై నిమిషాలు కావాలని. తొమ్మిది మంది పెట్టారు. మిగతావాళ్లు రేపు అంటున్నారు. మెట్లెక్కే వాళ్లే కదా, వాళ్ల అలుపు నాకు తెలుసు.

తొమ్మిదో రోజున ఆస్పత్రి వార్డుకు వెళ్లాను. తల గొరిగారు, కట్టు కట్టారు. తమ్ముడు స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. కండక్టరమ్మ నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. నిలబడే ఉన్నాను. గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఇంటికి పంపరటగా?"

"ఇంకా తేల్చలేదమ్మా."

"నీ ఉద్యోగం?"

"అదీ తేల్చలేదు."

"మరి చేతిలో ఆ కాగితాలేంటి?"

"ఆరోగ్య శాఖకు రాసుకున్నానమ్మా. కడ్డీ బిగించకపోవడం, మెట్ల మీద టిక్కులు, మీరు పడటం, అన్నీ."

"చదువు."

చదివాను. మాటలు వెతుక్కుంటోంది కానీ వింటోంది. 'ఉదయం ఆరున్నర ప్రాంతంలో' అన్నచోట చెయ్యెత్తింది.

"ప్రాంతమేంటే, ప్రాంతం? వాడికేం తెలుసు, వాడు కిందున్నాడు. పడేముందు గోడ గడియారం చూశాను." ఊపిరి తీసుకుంది. "ఆరూ ముప్పై ఏడు. కొట్టేసి రాయి. నా పేరు కూడా రాయి, నేనే చెప్పానని."

పెన్ను తీశాను. బల్ల లేదు. ఆవిడ మంచం కమ్మీ మీద కాగితం ఆనించి, కొట్టేసి రాశాను.