ఇటుక పుట్టిల్లు

సుందరరావు మాస్టారు ఒక చెంప గీసుకుని, రెండో చెంప నురగతోనే వదిలేసి, సభలో చదవబోయే పత్రం మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకున్నారు. మండవల్లి హైస్కూల్లో తెలుగు పంతులు. ఈ ఏటితో ఉద్యోగం ఆఖరు. సన్నటి మనిషి, ఏ చొక్కా తొడిగినా కాలరు వదులే. వినేది భార్య కృపమ్మ ఒక్కతే. పెరట్లో బూడిదతో కొర్రమీను తోముతోంది.

“ఇటుకకి కూడా పుట్టిల్లుంటుందాండీ?”

“ఎందుకుండదు? సంస్కృతంలో ఇష్టక. పారశీకంలో ఖిష్త్. ఆ రెండు భాషల జాతులూ విడిపోకముందు ఒకే మాట అనుండాలి. పశువుల్ని తోలుకుంటూ తిరిగేవాళ్లకి ఇటుకతో ఏం పని? దారిలో ఇటుకలతో ఊళ్లు కట్టుకున్నవాళ్లెవరో తగిలుంటారు. వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న మాట.”

“ఎవరండీ వాళ్లు?”

“పేరు కూడా మిగల్లేదు. మాట మాత్రం మన గోడల్లో ఉంది.”

ఏళ్ల తరబడి ఆయనకిదే పిచ్చి. తాడేపల్లిగూడెం దారిలో ఇటుకబట్టీ కనిపిస్తే బస్సు దిగిపోయేవారు. స్టాఫ్‌రూములో ‘ఇటుకల మాస్టారు’ అని నవ్వుకునేవారు. నవ్వనీ. విషయం తెలిసినవాళ్ల ముందు నిలబడి ఒక్కసారి చదివితే చాలు, తప్పయితే తప్పనే చెప్పనీ అనుకున్నారు. ఇన్నాళ్లకి ఏలూరు కాలేజీ సదస్సు నుంచి పిలుపొచ్చింది.

సభల సంగతి చెప్పేదేముంది. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి తీరిగ్గా మాట్లాడారు. తర్వాత శాలువాలు, ఫొటోలు, భోజనాలు. మాస్టారి వంతొచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఆయన లేచి, కాగితాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నారు. అధ్యక్షులు నరసరాజు గారు వాచీ చూసుకున్నారు.

“ఏమీ అనుకోకండి సుందరరావు గారూ. అతిథి గారికి రైలుందండీ. మీ పత్రం చదివినట్టే భావిద్దామండీ.”

చప్పట్లు కొట్టారు. మర్యాదస్తులు మరి. మా జిల్లాలో పీక కోసినా అండీ అనే కోస్తారు. “పర్వాలేదండీ” అని మాస్టారు కూర్చున్నారు. ఆ సభలో ఆయన మాట్లాడింది అదొక్కటే.

తిరుగు బస్సు కొల్లేటి మీదుగా, ఆ ఏడే సర్కారు పేల్చేసిన చేపల చెరువుల గట్ల పక్కనుంచి వెళ్లింది. ఆయన కిటికీ ఊచకి తల ఆనించి కళ్లు మూసుకున్నారు. కైకలూరులో అందరూ దిగినా దిగలేదు. కండక్టరు “ఏవండీ, మాస్టారూ” అని భుజం తట్టి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గుండె ఆగిందన్నారు డాక్టరు. ఆగదూ మరి.

సమాధి దగ్గర పాస్టరు గారు, “మాస్టారు ఏనాడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు” అన్నారు. కృపమ్మకి ఒళ్లు మండిపోయింది.

“అననిచ్చారా అండీ?” అంది.

అంతా వెళ్లిపోయాక, ఆయన చొక్కా ఉతకబోతూ జేబు తడిమింది. చదివేటప్పుడు గొంతు పట్టకుండా ఉంటుందని సభకి బయల్దేరిన పొద్దున తను పెట్టిన పటికబెల్లం పొట్లం, కట్టిన దారం కట్టినట్టే ఉంది.