డాక్టరు గుమ్మంలో సముద్రం

వవావు ద్వీపంలో తెల్లారగానే బెరడు కొట్టే చప్పుడు మొదలవుతుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చెట్టు బెరడును కొయ్య సుత్తులతో బాది బట్టలా సాగదీస్తారు. వాళ్ళందరిలోకీ లూపే దెబ్బే గట్టిది. ఒకరోజు సుత్తి ఎత్తగానే కుడి రొమ్ములో నిప్పు కణిక పెట్టినట్టయింది. చూసుకుంటే ఎర్రగా కందిపోయి, లోపల రాయిలాంటి గడ్డ.

మేనత్త ఫూసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"పాలు గడ్డకట్టాయి. శుభ్రంగా ఉండకపోతే ఇంతే," అన్నాడు డాక్టర్ ఫొలావు, మొహం పక్కకి తిప్పుకుని.

"పిల్లకి పాలు మాన్పించి రెండేళ్ళు దాటిందండీ," అంది లూపే.

"డాక్టరు నువ్వా, నేనా?"

కోశాడు. చీము వచ్చింది. దాన్ని పరీక్షకైనా పంపలేదు. ఆ పుండు మానకముందే పక్కన ఇంకో గడ్డ లేచింది. దాన్నీ కోశాడు. లూపే రవిక ఎప్పుడూ తడిగానే ఉండేది. చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. చివరికి డాక్టరు, "క్యాన్సరే. రొమ్ము మొత్తం తీసెయ్యాలి," అని తేల్చేశాడు.

లూపే ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం సముద్రం డాక్టరు గుమ్మం ఎక్కింది.

లూపే ఇంటి ఆడవాళ్ళ కోపం అలాంటిది. ఎవరిమీద వస్తే వాళ్ళింటికి నీళ్ళు వెళతాయి. ఫొలావు ఇల్లు గుట్టమీద ఉంది. అయినా అలలు దారి తప్పలేదు, పక్కింటి చిలగడదుంప తీగనైనా తడపలేదు.

"ఎవరి ఉసురు పోసుకున్నావయ్యా డాక్టరూ?" అని కంచె అవతలనుంచి పక్కింటాయన పలకరించాడు.

ఫూసి ఊరుకోలేదు. పెద్ద ద్వీపంలో ఉంగాతేయా అనే డాక్టరమ్మ ఉందని విని, లూపేని ఓడెక్కించింది. ఆవిడ కత్తి ముట్టలేదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్షయ కాదని కూడా రూఢి చేసుకుంది.

"క్యాన్సర్ కాదమ్మా. అరుదైన వాపే గానీ, మన ద్వీపాల ఆడవాళ్ళలో చూస్తుంటాం. కొవ్వులో దాక్కునే ఒక క్రిమి కూడా కనిపించింది. కోసేకొద్దీ ఇది రేగుతుంది. మందులతో తగ్గుతుంది గానీ నెలలు పడుతుంది."

"నేను మురికిదాన్ని కాబట్టి వచ్చిందా?"

"ఎవరన్నారు ఆ మాట?"

లూపే అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

మాత్రలకి మొహం ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు. కానీ పుళ్ళు ఒక్కొక్కటే మూతబడ్డాయి. గుంటలు పడ్డ మచ్చలు మిగిలాయి.

ఈలోగా ఫొలావు బూట్లలో పీతలు కాపురం పెట్టాయి. పెళ్ళాం తమ్ముడింటికి వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకునేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఆయన కాల్చిన పంది, మేలిరకం చాప పట్టుకుని లూపే వాకిట్లో కింద కూర్చున్నాడు.

"పొరపాటైంది. క్షమించమ్మా."

"కోయడం పొరపాటే అనుకుందాం. నన్ను చూసి మొహం తిప్పుకోవడం?"

ఆయన చాపని ఆమె ముందుకి జరిపాడు.

"పందిని వదిలి వెళ్ళండి," అంది ఫూసి.

ఇంటిల్లిపాదీ కడుపునిండా తిన్నారు. సముద్రం మాత్రం జానెడైనా తగ్గలేదు.

కొన్నాళ్ళకి బడిలో పాఠాలు చెప్పే పిల్ల ఒకతె ఎర్రబడ్డ రొమ్ముతో ఫొలావు దగ్గరికొచ్చింది. ఆయన అలవాటుగా కత్తి అందుకున్నాడు. ఈసారి ఆపరేషన్ గదిలోనే నీళ్ళు మోకాళ్ళదాకా లేచాయి. నర్సు గౌను ఎత్తిపట్టుకుని, "ఏం చేద్దామండీ?" అంది. ఆయన కత్తి పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఆ పిల్లకి ఎదురుగా కూర్చున్నాడు. "ఎప్పట్నుంచమ్మా?" అని అడిగి, చెప్పిందంతా విన్నాడు. తరవాత సూది తెమ్మన్నాడు.

ఆ పిల్ల కోత లేకుండా, మందులతోనే బాగుపడింది.

ఈ సంగతి ఫూసి మోసుకొచ్చింది. "ఇంక చాల్లేవే, వదిలెయ్. మనిషి మారాడు," అంది.

"మారింది నీళ్ళకి భయపడి అత్తా," అంది లూపే. అప్పటికి ఆమె కోపం సగం చల్లారింది, ఆయన గుమ్మంలో నీళ్ళూ సగం తీశాయి. మిగతా సగం చల్లారకుండా ఆయన బతికినంత కాలం జాగ్రత్తగా కాపాడుకుంది.