బోల్టు మునిగిన రోజు

నలభై రెండు కాదు, ఆ రోజు నలభై రెండు కానే కాదు, గోడ మీద మా వాగు నీలం గీతలా మెలికలు తిరుగుతోంది, నల్లబల్లకి దుప్పటి కట్టి దాని మీద ప్రొజెక్టరుతో వేశారు బొమ్మ, దుప్పటి మా ఇంటిదే, మూలన ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ సరిగ్గా మా పొలం దగ్గరే పడింది, వాగు నీళ్లు పరీక్షించడానికొచ్చిన నీళ్ల మేడమ్ కర్రతో చూపిస్తున్నారు, ఇది వాగు, ఇవి దానిలోకి వాలే పొలాలు, వాన పడితే ఏ పొలం నీళ్లు ఎంతసేపట్లో వాగులో కలుస్తాయో, వాటితో ఎంత ఎరువు కొట్టుకొస్తుందో కంప్యూటరు లెక్క కడుతుంది, ఆ లెక్క కోసం రోజూ వంతెన దగ్గర నీటిమట్టం చూసి రాసిచ్చింది మీ బడి పిల్లే, అని నా వైపు చూసి నవ్వారు, అందరూ చప్పట్లు, మూగనోము పట్టిన పిల్ల ఇంత పని చేసిందా అని వెనకనుంచి లెక్కల మాస్టారు, నేను తల దించుకున్నాను, సిగ్గనుకున్నారు.

సిగ్గు కాదు, భయం, ఎందుకంటే కర్ర ఎర్ర చుక్క దగ్గర ఆగింది, దాని పక్కన రాసిన తేదీ నాకు తెలుసు, ఆ సోమవారం సీసాలో పట్టిన నీళ్లలో నత్రజని మామూలుకి ఆరు రెట్లు, ఎరువులోనూ పేడలోనూ ఉండేదే, కానీ వాగు మట్టం ముందురోజంతే, నలభై రెండు సెంటీమీటర్లు, పట్నంలో వానకొలత సున్నా, వాగు పొంగలేదు కాబట్టి ఇది పొలాల మీద నుంచి కొట్టుకొచ్చింది కాదు, ఎవరో నేరుగా వదులుతున్నారు, ఆ మలుపులో ఉన్నది ఒక్క పశువుల కొట్టమే, అంటున్నారు మేడమ్, మేడమ్ పక్కన కూర్చున్న కాలుష్యం ఆఫీసు అధికారి కాగితం తీశాడు, పాలత్త లేచింది, నాకు అత్తేమీ కాదు, ఇంటింటికీ పాలు పోస్తుంది గనక అందరికీ పాలత్తే, ఏం బాబూ, నా పేడంతా గుంటలోకే పోతుంది, వచ్చి చూసుకో, ముక్కు మూసుకునైనా చూసుకో, అంది, ఎవరో కిసుక్కున నవ్వారు, కంప్యూటరు అబద్ధం చెబుతుందా అమ్మా అన్నాడు అధికారి, రేపటినుంచి కొట్టం మూత, పదకొండు ఆవులు, ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది, వాటిని ఎవరి గుమ్మంలోకి తోలమంటావయ్యా, మీ ఆఫీసులో కట్టెయ్యనా, అంటూ కూర్చుండిపోయింది, ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు వాన మా మీదే కురిసింది, పట్నంలో చినుకు లేదు, నేను వెళ్లాను, నిజంగా వెళ్లాను, ఒడ్డున వంగి సీసా నింపాను, కొలత పలక మాత్రం అవతలి స్తంభానికి ఉంది, వంతెన చెక్కలు కాళ్ల కింద వణికాయి, దాటలేకపోయాను, ఇంటికొచ్చి పుస్తకంలో నిన్నటి అంకే దించేశాను, చూడలేకపోయానని చెప్పాలంటే మేడమ్‌కి ఫోన్ చేయాలి, నాకు ఫోనంటే ముచ్చెమటలు, ఒక్క రోజే కదా, ఒక్క అంకే కదా, కానీ డైరీలో నిజమే రాసుకున్నాను, అది ఇప్పుడు సంచిలో కాలికి తగులుతోంది, ఏం రాశానో చూడకుండా చెప్పగలను, వంతెన కింద తుప్పుపట్టిన బోల్టు మునిగిపోయింది, ఎర్ర నీళ్లు, చెప్పు ఒకటి కొట్టుకుపోయింది, బోల్టు ఎక్కడికీ పోలేదు, టేపు పెట్టి ఎవరైనా కొలవచ్చు, కొలిస్తే వాగు పొంగిందని తేలుతుంది, పొంగిందంటే కొట్టం నుంచి కాదు, పొలాల నుంచి, ఇంతే చెప్పాలి, లే, అనుకుంటున్నాను, కానీ ఆ కింది వరుస ఉంది, నాన్న ఆదివారం మబ్బు చూసి సంబరపడి నాలుగు బస్తాల యూరియా చల్లాడు, తడి తగిలితే బాగా పడుతుందని, సోమవారం గట్టు మీద నిలబడి అంతా వాగు పాలైందే తల్లీ, అమ్మతో అనకు, అన్నాడు, అనలేదు, డైరీతో తప్ప, ఇప్పుడు కిటికీ పక్కన చిన్నపిల్లల బల్ల మీద కూర్చున్నాడు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా నీకు, అని రోజూ ఆటపట్టించేది ఆయనే, అందరూ ఆపాక కూడా చప్పట్లు కొట్టింది ఆయనే.

ఎప్పుడు లేచానో తెలియదు, బల్ల కిర్రుమంది, అధికారి పెన్ను ఆగింది, ఏంటమ్మా అన్నారు మేడమ్, అంకె తప్పు రాశాను అన్నాను, అది నా గొంతేనా, పేజీ తెరిచాను, బొటనవేలు తనంతట తానే కింది వరుస మీద పడింది, నాన్న వరుస మీద, పైన బోల్టు ఒక్కటే కనబడేలా, బోల్టు చాలు కదా, బోల్టుతో పాలత్త ఆవులు దక్కుతాయి, మిగతాది ఎవరడిగారు, వాగు పొడవునా పొలాలే, ఎవరిదైనా కావచ్చు, పెదనాన్నది కావచ్చు, ఆ పక్కన కౌలు రైతుది కావచ్చు, కర్ర మళ్లీ దుప్పటి మీద వెతుకుతుంది, ఎవరో ఒకరి దగ్గర ఆగుతుంది, అధికారి కాగితం మీద పేరు మారుతుంది, అంతే, నోరు తెరవకపోతే నా వల్ల ఎవరికీ ఏమీ కాదనుకుంటూ పెరిగాను, ఈ గదిలో ఇంతసేపూ అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే, నలభై రెండు, నలభై రెండు అంటూ, సగం చదివితే అది ఇంకో నలభై రెండు, నాన్న నా వేలి వైపే చూస్తున్నాడు, తీశాను.